కుక్క వస్తే రాయి తియ్యమని పిల్లలకు నేర్పకండి

"మీ పిల్లల్ని కుక్కల నుంచి కాపాడుకోండి" అనే మెసేజ్ ఒకటి స్కూల్ గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. కుక్క మీదికొస్తే రాయి తీసి విసరాలట, దాని కళ్లలోకి సూటిగా చూడాలట, తోక ఊపే కుక్క కరవదట, పెంపుడు కుక్కతో భయమే లేదట, ఒకవేళ కరిచినా పది రోజులు కుక్కను గమనించి అప్పుడు సూది వేయిస్తే చాలట. ఇందులో ఒక్కటీ చిన్నపిల్లలకు పనికొచ్చేది కాదు, చివరిదైతే ప్రాణాల మీదికి తెస్తుంది.

ముందు రాయి సంగతి. పెద్దవాళ్లు కిందికి వంగితే కుక్క వెనక్కి తగ్గడం చూసి ఎవరో రాసినట్టున్నారు. నాలుగేళ్ల పిల్లాడు రాయి కోసం వంగితే వాడి మొహం సరిగ్గా కుక్క నోటి దగ్గరికి వస్తుంది. అసలే ఎత్తు తక్కువ కాబట్టి పిల్లలకు తల మీద, మెడ మీద, మొహం మీద గాట్లు ఎక్కువ పడతాయి. పరుగూ పనికిరాదు, ఎందుకంటే పరిగెత్తేదాన్ని తరమడం కుక్క నైజం.

పిల్లలకు నేర్పాల్సింది చెట్టులా నిలబడటం. రెండు చేతుల వేళ్లూ ముడేసి పొట్ట ముందు పెట్టుకుని, తల దించి కాలివేళ్లు చూస్తూ, అరవకుండా, కుక్క వాసన చూసి వెళ్లిపోయేదాకా కదలకూడదు. కింద పడిపోతే మోకాళ్లు పొట్టలోకి లాక్కుని, మొహం నేలవైపు పెట్టి, చేతులతో మెడా చెవులూ కప్పుకోవాలి. ఇది నోటితో చెబితే రాదండీ, ఇంట్లో ఆటలా ఆడించాలి: మీరే కుక్కలా వచ్చి చుట్టూ తిరగండి, "చెట్టు" అనగానే వాడు బిగదీసుకుని నిలబడాలి, మీరు చక్కిలిగింత పెట్టబోయినా కదలకూడదు.

అయితే ఇదీ ఒంటరి కుక్క దగ్గర పనిచేసేదే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పిల్లాణ్ని చంపేశాయి. గుంపు మీద పడితే ఆ వయసు పిల్లల్ని ఏ చిట్కా కాపాడలేదు, పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. ఆ మెసేజ్‌లో ఈ మాటే లేదు, భారమంతా పసివాళ్ల మీద వేసేశారు, నాకు కోపం తెప్పించింది అదే.

కళ్లలోకి చూడటం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, కుక్కకు అది సవాలు విసిరినట్టు. తోక విషయం మాత్రం పిల్లలకు చూపించి చెప్పాలి. ఒళ్లంతా వదులుగా ఊగుతుంటే ఒక రకం, ఒళ్లు బిగుసుకుని, తోక పైకి లేచి, కొస మాత్రం చకచకా కదులుతుంటే ఇంకో రకం. రెండోదాని దగ్గరికి వెళ్లకూడదు. గుర్రుమంటున్నా, ఉన్నట్టుండి కదలకుండా అయిపోయినా, కంటి తెల్లగుడ్డు కనిపిస్తున్నా అంతే.

పెంపుడు కుక్కల మాటకొస్తే, పిల్లల్ని కరిచేవాటిలో తెలిసిన కుక్కలేం తక్కువ కాదు. అది తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు, పిల్లల్ని పెట్టుకుని ఉన్నప్పుడు జోలికి పోకూడదు, మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకోకూడదు. ఎంత మంచి కుక్కయినా చిన్నపిల్లల్ని దానితో ఒంటరిగా వదిలి మీరు వంటింట్లోకి వెళ్లకండి.

ఇక పది రోజుల సంగతి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం, అందుకే ఎదురుచూడటానికి వీల్లేదు. కుక్కను పది రోజులు గమనించమని డాక్టర్లు చెప్పేది టీకా మొదలుపెట్టి, అది సాగుతుండగా. గాయాన్ని వెంటనే సబ్బు పెట్టి ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసుపు ఏమీ రాయొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. రక్తం వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం దగ్గరే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేలోపు రేబిస్‌ను అడ్డుకునే మందు) కూడా వేస్తారు, అది ఇచ్చారో లేదో అడిగి తెలుసుకోండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చర్మంలోకి వేసే టీకా అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు, చేతికే.

సూదికి భయపడి, తిడతారని భయపడి గాటును దాచేసే పిల్లలుంటారు. చిన్న గీత పడినా వెంటనే వచ్చి చెప్పమనీ, చెబితే ఏమీ అనమనీ ఈరోజే వాళ్లకు చెప్పి ఉంచండి.