‘ఇంట్లో టెన్షన్లు ఏమైనా ఉన్నాయా?’

పోయిన చలికాలం మా ఏడేళ్ళ బాబుకు రాత్రిపూట దగ్గు పట్టుకుంది. పడుకుంటే చాలు, పిల్లికూతలు. పిల్లల డాక్టరు అన్నీ అడిగి, చివర్లో ఇంట్లో టెన్షన్లు ఏమైనా ఉన్నాయా అన్నారు. నేనూ మావారూ ఒకేసారి ‘నో నో, వి ఆర్ ఆల్ గుడ్’ అన్నాం. అప్పటికి ఆయన ఉద్యోగం పోయి 19 రోజులు. హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు మిగతా లెక్క చెప్పక్కర్లేదు. ఉద్యోగం పోయాక ఇంకోటి వెతుక్కోడానికి ఇచ్చే 60 రోజుల్లో ఇంకా 41.

పిల్లాడి దగ్గుకూ మా వీసాకూ సంబంధం ఏముంటుందిలే అనుకున్నాం. ఉందట. అది తేల్చిన పరిశోధన కూడా మన దక్షిణ కాలిఫోర్నియాలోనే జరిగింది. యూఎస్‌సీ (యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియా) పరిశోధకులు 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 2,497 మందిని మూడేళ్ళు గమనించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో వాళ్ళెవరికీ ఉబ్బసం లేదు. ఇంటి దగ్గర వాహనాల పొగ ఎంతో లెక్కగట్టారు, తల్లిదండ్రుల టెన్షన్ ఎంతో అడిగారు. పొగ పెరిగేకొద్దీ, టెన్షన్ ఎక్కువున్న ఇళ్ళ పిల్లల్లో ఉబ్బసం ముప్పు సుమారు 50 శాతం పెరిగింది. టెన్షన్ తక్కువున్న ఇళ్ళలో అదే పొగకు పెద్దగా తేడా రాలేదు. అంటే టెన్షన్ ఒక్కటే ఉబ్బసం తెస్తుందని కాదు. పొగ చేసే హానిని అది పెంచుతోంది. పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్, మసి శ్వాసనాళాల్లో వాపు తెస్తాయి. ఎప్పుడూ ఆందోళనలో ఉండే పిల్లల ఒంట్లో ఆ వాపును అణచాల్సిన వ్యవస్థ సరిగ్గా పనిచెయ్యదని ఒక వివరణ.

తల్లిదండ్రులను అడిగిన వాటిలో ఒక ప్రశ్న చూసి నవ్వొచ్చింది. ముఖ్యమైన విషయాలు మీ చేతుల్లో లేవని గత నెలలో ఎన్నిసార్లు అనిపించింది? గ్రీన్‌కార్డు లైన్లో ఉన్న ఏ తెలుగింట్లో అడిగినా జవాబు ఒకటే. ఆ లైన్లో మన వంతును తేల్చే ప్రయారిటీ డేట్ మన చేతుల్లో లేదు. పాస్‌పోర్టులో వీసా వేయించుకునే స్టాంపింగ్ స్లాట్ లేదు. మేనేజరు అకస్మాత్తుగా పెట్టే మీటింగు అసలే లేదు.

పొగ సంగతైనా కొంత మన చేతుల్లో ఉంది, కానీ చూసుకోం. ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగు చూస్తాం, తూర్పు వాకిలి చూస్తాం, ప్లాను వాట్సాప్‌లో ఇండియాలోని వాస్తు ఆయనకు పంపిస్తాం. ఫ్రీవే ఎన్ని అడుగుల్లో ఉందో చూడం. ఫ్రీవేకు 500 అడుగుల లోపల సాధారణంగా కొత్త బడి కట్టనివ్వకూడదని కాలిఫోర్నియాలో 2003లోనే చట్టం చేశారు. ఇళ్ళ విషయంలో అది ఒట్టి సలహా. మేముండే ఈస్ట్‌వేల్‌కు ఒకవైపు 15వ నంబరు ఫ్రీవే, ఇంకోవైపు 60వ నంబరుది, పక్కనే మీరాలోమా గోదాములు. పోర్టుల నుంచి సరుకు తెచ్చే డీజిల్ లారీలు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. పైగా మన గ్యాస్ పొయ్యి, తిరగమోత. చిమ్నీ చప్పుడుకు సీరియల్ వినపడదని ఆపేసేది నేనే.

నల్గొండ నుంచి మా అత్తగారు మృగశిర కార్తెకు బాబును తీసుకురమ్మన్నారు, నాంపల్లిలో చేప మందు వేయిద్దామని. కొర్రమీను పిల్ల మీద ఆవిడకున్న నమ్మకం ఇన్‌హేలర్ మీద మావారికి లేదు. అలవాటైపోతుందని ఆయన భయం. డాక్టరు విడమరిచి చెప్పాక తగ్గింది. ఉద్యోగం పోయిన సంగతి అత్తగారికి ఇప్పటికీ తెలీదు.

రెండోసారి వెళ్ళినప్పుడు డాక్టరుకు నిజం చెప్పేశాం. బాబు టాబ్లెట్‌లోంచి తల ఎత్తకుండా ‘23 డేస్ లెఫ్ట్’ అన్నాడు. మేం వాడికి ఎప్పుడూ చెప్పలేదు.

ఇంత కష్టంలో ఉన్నవాళ్ళ మీద పిల్లాడి ఉబ్బసం నేరం కూడా మోపుతావా అని ఒక స్నేహితురాలు కోప్పడింది. ఆ కోపం న్యాయమే. తప్పు తల్లిదండ్రులది కాదు. లారీలు వాళ్ళు నడపడం లేదు, వీసా రూల్స్ వాళ్ళు రాయలేదు. కానీ బాగానే ఉన్నామని అందరి దగ్గరా నటించడం మాత్రం మనం నేర్చుకున్నదే. మన తెలుగు సంఘం పిక్నిక్‌లో ఉద్యోగం పోయిందని చెప్పినవాళ్ళను నేనింతవరకు చూడలేదు. మేమూ చెప్పలేదు.

సంఘం వాళ్ళకు ఒక మాట: ఈసారి ఉగాదికి హెల్త్ స్టాల్ పెట్టినప్పుడు బీపీ మిషను పక్కన ఇంకో నాలుగు కుర్చీలు వెయ్యండి. లేఆఫ్ అయినవాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్ళ పిల్లలను ఆ గంటసేపు మేం ఆడిస్తాం.