మీటర్‌ను వదిలేశాక కిరాయి ఎంతో చెప్పేదెవరు?

ఆటో చవకా, ఓలా చవకా, ఊబర్ చవకా అని ఫోన్‌లో మూడు నాలుగు యాప్‌లు తెరిచి చూసుకోవడం హైదరాబాద్‌లో అందరికీ అలవాటైపోయింది. అమీర్‌పేట నుంచి గచ్చిబౌలికి ఒకదాంట్లో ఒక ధర, ఇంకోదాంట్లో ఇంకో ధర. పది నిమిషాలు ఆగితే రెండూ మారిపోతాయి. వీటిలో ఏది తక్కువో తెలుస్తుంది గానీ, ఆ దూరానికి న్యాయమైన కిరాయి ఎంతో ఏ యాప్ చూసినా తెలియదు. అది చెప్పాల్సిన ప్రభుత్వ మీటర్‌ను మనం ఎప్పుడో వదిలేశాం. ఈ నగరంలో కిరాయిల గొడవకు మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం.

హైదరాబాద్ ఆటో మీటర్ ధరలను 2014లో సవరించారు. మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11. ఆ తర్వాత పదేళ్లు గడిచినా ఆ అంకెలు కదల్లేదు. ఆ లెక్కన పది కిలోమీటర్లకు వచ్చేది 112 రూపాయలు. ఈలోగా 2021లోనే నగరంలో లీటర్ పెట్రోల్ వంద దాటింది. బండి ఇన్సూరెన్స్, స్పేర్ పార్టులు, ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజులు ఏవీ 2014 దగ్గర ఆగలేదు. అదే బెంగళూరులో 2025 ఆగస్టు నుంచి మొదటి రెండు కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18 రూపాయలు. అక్కడ అదే పది కిలోమీటర్లకు 180 అవుతుంది. ముంబైలోనూ 2025 ఫిబ్రవరిలో ఆటో, ట్యాక్సీ ధరలు పెంచారు. మన డ్రైవర్‌ను మాత్రం పాత రేటుకే మీటర్ వెయ్యమని ఏ ముఖంతో అడుగుతాం? ఆయన వెయ్యడు. ఇక మిగిలేది బేరమే. ఆ బేరంలో ఓడిపోయేది ఎప్పుడూ ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు, సామానుతో దిగిన ముసలివాళ్లు, రాత్రి మెట్రో ఆగిపోయాక రోడ్డు మీద ఒంటరిగా నిలబడ్డ ఆడవాళ్లు.

యాప్‌లు వచ్చిన కొత్తలో జనం వాటిని నెత్తిన పెట్టుకున్నది ఈ బేరం బాధ తప్పిందనే. ఎక్కకముందే ధర కనబడేది, దిగాక గొడవ ఉండేది కాదు. ఇప్పుడా సుఖం కూడా పోయింది. రైడ్ బుక్ చెయ్యగానే ఫోన్ వస్తుంది: “అన్నా, డ్రాప్ ఎక్కడ? క్యాషా, ఆన్‌లైనా? ఎంత చూపిస్తుంది?” ఆ తర్వాత “ఇంకో యాభై ఇస్తే వస్తా.” ఒప్పుకోకపోతే క్యాన్సిల్.

తప్పంతా డ్రైవర్‌దే అనడం నాకు ఇష్టం లేదు. ఆటోల విషయంలో 2024లో ర్యాపిడో, 2025లో ఊబర్ కమీషన్ మానేసి డ్రైవర్ దగ్గర ఫీజు తీసుకునే పద్ధతికి మారాయి. కమీషన్ కోత పోవడం డ్రైవర్‌కు మేలే, కాదనను. అయితే ఊబర్ ఆటోలో తెరమీద కనిపించే ధర ఇప్పుడు సూచన మాత్రమే, అసలు కిరాయి ప్రయాణికుడూ డ్రైవరూ మాట్లాడుకోవాలి. అంటే పాత బేరమే ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది. దానికి తోడు బండి రాకముందే టిప్పు అడిగే పద్ధతి ఒకటి. దీని మీద 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఊబర్‌కు నోటీసిచ్చింది. సేవ అందాక సంతోషించి ఇచ్చేది టిప్పు. ముందే ఇస్తే తప్ప బండి కదలదంటే అది కిరాయిలో భాగమే, దాన్ని కిరాయిగానే లెక్కగట్టాలి.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. 2025 జులైలో కేంద్రం అగ్రిగేటర్లకు, అంటే ఓలా, ఊబర్ లాంటి యాప్ కంపెనీలకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రం ప్రకటించిన కిరాయే మూల ధర. గిరాకీ లేనప్పుడు అందులో సగం దాకా తగ్గించొచ్చు, గిరాకీ పెరిగితే రెట్టింపు దాకా వసూలు చెయ్యొచ్చు. 2020 నాటి నిబంధనల్లో పై హద్దు ఒకటిన్నర రెట్లే. అంటే ఒకే దారిలో ఒకే దూరానికి కిరాయి నాలుగింతల తేడాతో ఉన్నా నిబంధనకు లోబడినట్టే. ఇక మన 2014 ఆటో ధరనే మూల ధరగా పెట్టి చూడండి. పది కిలోమీటర్లకు డ్రైవర్‌కు 56 రూపాయలిచ్చినా తప్పు కాదు. వానాకాలం సాయంత్రం రాయదుర్గంలో రెట్టింపు వేసినా 225 దాటకూడదు. ఆ 56కి ఏ డ్రైవరూ బతకలేడు, ఆ 225కి వానలో ఏ ఆటో దొరకదు. సర్జ్, అంటే గిరాకీని బట్టి ధర పెంచడం, వద్దనే వాదన నాది కాదు. వానలో, ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కునే మనిషికి ఎక్కువ ముట్టాల్సిందే. కాకపోతే రెట్టింపు చేసే ఆ మొదటి అంకె నిజమైనదై ఉండాలి.

క్యాబ్‌ల సంగతి శంషాబాద్ దారిలో బాగా తెలుస్తుంది. ఎయిర్‌పోర్ట్ 2008లో మొదలైంది, మెట్రో లేదు. ఆర్టీసీ వారి పుష్పక్ బస్సు చవక, ఉన్నంతలో మంచిది కూడా, మన ఇంటి దారిలో ఉంటే. లేకపోతే యాప్ క్యాబ్, లేదా ప్రీపెయిడ్ ట్యాక్సీ. తెరమీద యాప్ క్యాబే తక్కువ కనిపిస్తుంది. అయితే నగరం నుంచి వెళ్లిన డ్రైవర్‌కు తిరుగు గిరాకీ కోసం అక్కడ కాచుకోవడమో, ఖాళీగా వెనక్కి రావడమో తప్పదు. ఆ ఖర్చు యాప్ ధరలో సరిగా కలవదు. అందుకే తెల్లవారుజామున మూడింటికి బుక్ చేస్తే ఒకరి తర్వాత ఒకరు క్యాన్సిల్ చేస్తారు. 2025 మార్చిలో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ పిలుపుతో డ్రైవర్లు ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులనే బహిష్కరించారు. ప్రీపెయిడ్ ట్యాక్సీలకున్న ధరలే తమకూ ఇవ్వాలన్నది వాళ్ల డిమాండ్. నాకది పూర్తిగా న్యాయంగా కనిపిస్తుంది. విమానం తప్పిపోతే పోయే డబ్బును లెక్కేసుకుంటే, వస్తానని వచ్చే బండికి ఎక్కువిచ్చినా ప్రయాణికుడికి నష్టం లేదు.

కొత్త మార్గదర్శకాల ప్రకారం సొంత బండి నడిపే డ్రైవర్‌కు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలి. అది దక్కుతోందో లేదో ప్రయాణికుడికి తెలిసే దారి ఉండాలి. రవాణా శాఖ చెయ్యాల్సిన పని పెద్దదేమీ కాదు. ఇంధనం ధరను బట్టి ఏటా ఆటోకు, క్యాబ్‌కు వేర్వేరుగా మూల ధర ప్రకటించాలి. ప్రతి యాప్ రసీదులో ఆ మూల ధర ఎంత, వసూలు చేసింది ఎంత, డ్రైవర్ చేతికి వెళ్లింది ఎంత అన్న మూడు అంకెలూ తెలుగులో అచ్చు వెయ్యమని ఆదేశించాలి.