140 ఏళ్ల బెజవాడ మ్యూజియం: సొంత శిల్పాలతోనే ఉత్సవం జరగాలి

విజయవాడ బందరు రోడ్డు మీద ఉన్న బాపు మ్యూజియాన్ని పాతతరం వారు ఇప్పటికీ విక్టోరియా జూబ్లీ మ్యూజియం అనే పిలుస్తారు. రాణి పాలనకు యాభై ఏళ్లు నిండిన 1887లో, అప్పటి కృష్ణా జిల్లా కలెక్టర్ రాబర్ట్ స్యూయల్ శంకుస్థాపన చేసిన ఈ సంస్థకు 2027లో 140 ఏళ్లు నిండుతాయి. ఇలాంటి సందర్భాల్లో వేదిక కట్టి, బయటి నుంచి ఏదో ఒక ప్రదర్శన తెప్పించి, జ్ఞాపికలు పంచి ముగించడం మనకు అలవాటు. ఈసారి మాత్రం, ఏళ్ల తరబడి అక్కడే ఉన్న శాశ్వత సేకరణనే ఉత్సవానికి కేంద్రం చేయాలి.

ఎందుకో తెలియాలంటే కృష్ణా తీరపు శిల్పాలకు పట్టిన గతిని గుర్తు చేసుకోవాలి. శంకుస్థాపనకు పదేళ్ల ముందు, 1877లో, ఇదే స్యూయల్ అమరావతి మహాస్తూపం దగ్గర తవ్వకాలు జరిపించారు. అప్పటికే స్తూపం చాలావరకు చెదిరిపోయింది. కొన్ని శిల్పఫలకాలు కొత్త కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు. మనం పాలరాయి అంటున్నా, లండన్‌లో మార్బుల్స్ అని పేరు పెట్టుకున్నా, అది నిజానికి పల్నాటి సున్నపురాయి. ఉలికి లొంగే గుణం వల్ల దాని మీద అంత నాజూకైన పనితనం సాధ్యమైంది. కాలిస్తే సున్నమయ్యే గుణం వల్ల అది బట్టీల పాలైంది. మిగిలిన వాటిలో మేలైనవెన్నో చెన్నై, లండన్ చేరాయి. అందుకే మన దగ్గర నిలిచిన ప్రతి శిల్పాన్నీ తీరిగ్గా చూడవలసిన బాధ్యత మనకుంది.

ఈ మ్యూజియంలో అల్లూరు నుంచి వచ్చిన బుద్ధ విగ్రహం ఉంది. కృష్ణాలోయ శైలి బుద్ధుణ్ని చూసేటప్పుడు ముఖం దగ్గరే ఆగిపోకుండా, ఎడమ భుజం మీదుగా దిగే సంఘాటి (బౌద్ధ భిక్షువుల పైవస్త్రం) ముడతల వెంట చూపును కిందికి నడిపించాలి. సన్నని గీతల్లా మొదలైన ఆ ముడతలు పాదాల దగ్గరికి వచ్చేసరికి మందమైన అంచుగా తేలతాయి. శ్రీలంకలోనూ ఆగ్నేయాసియాలోనూ దొరికిన తొలినాటి బుద్ధ ప్రతిమలు కొన్నింటిలో కనిపించేదీ ఈ కట్టే. ఇక్కడి శిల్పి చేతిపని సముద్రం దాటి వెళ్లిందనడానికి ఆ అంచే సాక్ష్యం.

చూసినవే మళ్లీ చూడటానికి జనం వస్తారా అన్న సందేహం సహజమే. కానీ బడిపిల్లలప్పుడు వరుసలో నడుస్తూ దాటిపోయిన బొమ్మలను మనం నిజంగా చూసినట్టు కాదు. 2020లో ఆధునికీకరించి, బాపు పేరుతో మళ్లీ తెరిచినప్పుడు హంగులు సమకూరాయి. ఇప్పుడు కావలసింది వివరణ. విగ్రహం పక్కన పేరూ శతాబ్దమూ రాసి వదిలేయకుండా, అది ఎక్కడ దొరికింది, ఇక్కడికి ఎలా చేరింది, దాని తోటి శిల్పాలు నేడు ఎక్కడున్నాయి అన్నది తెలుగులో చెప్పాలి. ఉత్సవం జరిగే ఏడాదంతా వారానికో శిల్పాన్ని ఎంచుకుని, తెలిసినవారు దాని ముందే నిలబడి అరగంట మాట్లాడితే చాలు. మొదటి వారం అల్లూరు బుద్ధుడితో మొదలుపెట్టి, చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్న అమరావతి ఫలకాల నిలువెత్తు ఛాయాచిత్రాలను ఆయనకు చెరోపక్కన నిలపాలి.