సవరణ: ఈవెంట్ కెమెరా ఫొటోలు తీయదు

కార్లలో రెండు రకాల కెమెరాలు కలిపి వాడటం గురించి మొన్న రాసినదాంట్లో తప్పులు దొర్లాయి. ‘ఈవెంట్ కెమెరా సెకనుకు 5,000 ఫొటోలు తీస్తుంది, ఇక మామూలు కెమెరాతో పనిలేదు’ అన్నాను. రెండు ముక్కలూ తప్పే.

ఈవెంట్ కెమెరాలో ఫ్రేమ్ (దృశ్యమంతా ఒకేసారి పట్టే ఒక్కో ఫొటో) అనేదే ఉండదు. ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెలే పనిచేస్తుంది. తన మీద పడే వెలుతురు కొంత మేర పెరిగినా, తగ్గినా వెంటనే చెబుతుంది, అదీ మైక్రోసెకన్ల లెక్కలో. మార్పు లేకపోతే మౌనమే. కారు ఆగి ఉండి, ఎదురుగా మనిషి కూడా కదలకుండా నిలబడితే దానికి దాదాపు ఏమీ కనిపించదన్నమాట. అందుకే పక్కన మామూలు కెమెరా ఉండి తీరాలి.

మరి ఆ 5,000 ఎక్కడిది? జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన గెహ్రిగ్, స్కారముజ్జా 2024లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధనలోది. సెకనుకు 20 ఫ్రేములు తీసే కెమెరాకి ఈవెంట్ కెమెరాని జోడిస్తే, వస్తువుల్ని గుర్తించడంలో జాప్యం 5,000 ఫ్రేముల కెమెరాకి ఉండేంత తక్కువకి దిగింది. డేటా భారం మాత్రం 45 ఫ్రేముల కెమెరా స్థాయిలోనే ఉంది. అది పోలిక. హడావిడిలో నేను దాన్ని కెమెరా వేగంగా రాసేశాను.

ఇంకోటి, ఇది మరీ సిగ్గుచేటు. 20 ఫ్రేముల కెమెరాలో ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య 50 మిల్లీసెకన్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఆలోపు 14 సెంటీమీటర్లు కదులుతుందని రాశాను. నిజానికి అది దాదాపు 1.4 మీటర్లు. ఈవెంట్ కెమెరా అక్కరకొచ్చేది ఆ మధ్య దూరంలోనే.