జెస్సీ సంగతి తర్వాత, ముందు ఫొటో మార్చరా

(కూకట్‌పల్లి ఫ్లాట్. ఆదివారం రాత్రి పదకొండు. టీవీలో ‘ఏ మాయ చేసావె’ ఇప్పుడే అయిపోయింది. తమ్ముడు దిండు వాటేసుకుని నిట్టూరుస్తున్నాడు. అక్క ఉడకబెట్టిన పల్లీలు ఒలుచుకు తింటోంది.)

బబ్లూ: అక్కా, నా బతుకులోకి జెస్సీ ఎప్పుడొస్తుందే?

సంధ్య: సినిమాలో హీరో కార్తీక్‌కి మేడ మీదే ఓనరు గారమ్మాయి జెస్సీ ఉంది. మన మేడ మీద రిటైర్డ్ తాసీల్దారు గారు ఒక్కరే ఉంటారు. ఆశ వదులుకో.

బబ్లూ: వెతుక్కుంటూ కేరళ దాకా వెళ్లాడే! ప్రేమంటే అలా వెంటపడాలి.

సంధ్య: వాణ్ణి డైరెక్టర్ కాపాడాడు. నువ్వు ఇష్టం లేదన్న అమ్మాయి వెంట పదేపదే పడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78. మొదటిసారికే మూడేళ్ల దాకా జైలు. షీ టీమ్స్ పోలీసులు వెనకాల రెహమాన్ పాట వెయ్యరు.

బబ్లూ: చివరికి పెళ్లయిందిగా?

సంధ్య: తెలుగులో అయింది. 2010లో అదే కథ తమిళంలోనూ తీస్తే అక్కడ విడిపోయారు. నీ వాలకం చూస్తే నీది తమిళ వెర్షనే.

బబ్లూ: పెళ్లి కానిదానివి, నువ్వా నాకు చెప్పేది?

సంధ్య: పెళ్లయినవాళ్లకి ఈ డేటింగ్ యాప్‌ల గోల ఏం తెలుస్తుందిరా? ఫోన్ ఇటు తే. ఏంట్రా ఇది! ఒకదాంట్లో నల్లద్దాలు, ఇంకోదాంట్లో హెల్మెట్, మూడోదాంట్లో ఎనిమిదిమంది. ఇందులో నువ్వెవరు?

బబ్లూ: ఎడమ నుంచి మూడోవాణ్ణి.

సంధ్య: అమ్మాయేమన్నా దొంగని గుర్తుపట్టడానికి వచ్చిందా? మొదటి ఫొటోలో మొహం కనపడాలి. పగలు, కిటికీ దగ్గర నిలబడి, ఎవరిచేతనైనా తీయించుకో. రెండోది తల నుంచి కాళ్ల దాకా. మూడోది ఏదో పని చేస్తూ. గుత్తివంకాయ బాగా వండుతావుగా, అది పెట్టు. గుంపు ఫొటో ఒక్కటే, అదీ ఆఖర్న. ఎత్తు ఆరడుగులా?

బబ్లూ: బూట్లతో.

సంధ్య: ఐదు ఎనిమిది! మొదటి కాఫీకే దొరికిపోయే అబద్ధం దేనికి? ‘ట్రావెల్, మ్యూజిక్, ఫుడ్ ఇష్టం.’ ఇవి ఇష్టం లేనివాడెవడురా? ‘ఉలవచారు బిర్యానీ గొప్పదని ఎవరితోనైనా వాదిస్తా’ అని రాయి. పోట్లాడ్డానికైనా మెసేజ్ పెడతారు.

బబ్లూ: మ్యాచ్‌లు రాకపోలేదు. వచ్చి మాయమైపోతున్నాయ్.

సంధ్య: మాయం కావా మరి? బంబుల్ యాప్‌లో జవాబివ్వడానికి 24 గంటలే గడువు. ఆమె శుక్రవారం పలకరిస్తే నువ్వు ఆదివారం నిద్రలేస్తున్నావ్. ఇంకొకామెతోనేమో నెలరోజులు చాటింగే! అన్నాళ్లు రాసుకుంటే నీ బుర్రలో ఒక జెస్సీ తయారవుతుంది. ఎదురుగా కూర్చున్న పిల్ల ఆమె కాదు కదా, మొహం వేలాడేసుకుని వస్తావ్. వారంలోపు పది నిమిషాల వీడియో కాల్ చెయ్యి. కుదిరితే మెట్రో స్టేషన్ పక్కన నలుగురూ తిరిగే కేఫ్‌లో, పగటిపూట, గంటసేపు కలుసుకో. ఎవరి బండిలో వాళ్లు రావాలి. లొకేషన్ నాకు పంపు.

బబ్లూ: ఆమే ఫలానా పబ్‌కి రమ్మంటే?

సంధ్య: అక్కడికే రావాలని పట్టుబట్టి, మెనూలో రేట్లు చూడనివ్వకుండా ఆర్డర్లిస్తుంటే లేచి వచ్చెయ్. కాసేపటికి ఆమె బాత్రూమ్‌కని వెళ్లి తిరిగి రాదు. బిల్లు వేలల్లో వస్తుంది. అసలైన ‘ఏ మాయ చేసావె’ అదే. క్రిప్టోలో డబ్బు పెట్టమందంటే బ్లాక్ చెయ్యి. ఈలోపే పంపేసి ఉంటే ఏడుస్తూ కూర్చోక వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టు.

బబ్లూ: ఇన్ని జాగ్రత్తల మధ్య ప్రేమెక్కడే?

సంధ్య: గంట అయిపోయాక ఇద్దరికీ ఇంకో టీ చెప్పాలనిపిస్తే, అక్కడ. అనిపించలేదా, ‘కలిసినందుకు సంతోషం, కానీ మనకి కుదరదనిపిస్తోంది’ అని మర్నాడే చెప్పెయ్. ఆమె అలా అంటే ఎందుకని అడక్కు. ఇంకో మాట. ప్రేమ సినిమా చూసిన రాత్రి ఎవరికీ మెసేజ్ పెట్టకు.

బబ్లూ: ...

సంధ్య: ఏరా, పెట్టేశావా?

బబ్లూ: పాత ఆఫీసులో శ్రావణికి. పాటలప్పుడే.

సంధ్య: డిలీట్ కొట్టు!

బబ్లూ: నీలం టిక్కులు పడ్డాయే. అదిగో, టైప్ చేస్తోంది... జవాబొచ్చింది!

సంధ్య: చదువు.

బబ్లూ: ‘మీరూ టీవీలో ఆ సినిమానే చూశారా? ఈ రాత్రి నాకిది మూడో మెసేజ్.’

సంధ్య: మిగతా ఇద్దరూ ఏం రాశారో అడుగు. నీకన్నా నయంగా రాసుంటారు.