సవరణ: ఆ గీతలు బొగ్గువి కావు

భారతీయ చిత్రకారిణి నస్రీన్ మొహమదీ (1937–1990) గీతల చిత్రం ఒకటి పెట్టి, బొగ్గుతో, కొలబద్ద లేకుండా గీసినదని ఇంతకుముందు రాశాను. అది తప్పు. మ్యూజియం ఇచ్చిన వివరాల ప్రకారం అది కాగితంపై సిరా, గ్రాఫైట్ (పెన్సిల్ ములుకులో ఉండేది). వాడినవి ఇంజినీరింగ్ డ్రాయింగు పరికరాలు.

ఇది చిన్న తేడా కాదు. బొగ్గు కాగితం గరుకులో పొడిగా చిక్కుకుంటుంది. మెరుపుండదు, వేలు తగిలితే చెదిరిపోతుంది. గ్రాఫైట్ పొరలుగా జారి అంటుకుంటుంది, కాగితాన్ని కాస్త వంచి చూస్తే బూడిదరంగు తళుకు కనిపిస్తుంది. సిరా కాగితంలోకి ఇంకిపోతుంది, ఇక చెరపడానికి వీలుండదు. ఆ చిత్రంలోని బిగువంతా అందులోంచే వస్తోంది. గీతల్లో వణుకు ఉందని నేను మురిసిపోయింది నాసిరకం స్కానింగును చూసి!

చిత్రానికి పేరు, తేదీ లేవని అప్పుడు రాసిన మాట మాత్రం సరైనదే.