గంజాయి మానేసినా వదలని పరాయితనం

తిరుపతిలో గంజాయి వార్త అంటే కిలోల లెక్క. ఆంధ్రా-ఒడిశా సరిహద్దు మన్యంలో బయల్దేరిన సరుకు తమిళనాడుకో కర్ణాటకకో పోతూ మన జిల్లాల మీదుగా వెళ్తుంది. దారిలో పోలీసులు పట్టుకుంటారు. మూటల వెనక నిందితులను నిలబెట్టి తీసిన ఫొటో మరుసటి రోజు పేపర్లో వస్తుంది. ఆ సరుకులో కొంత ఇక్కడే దిగిపోతుంది. హాస్టల్ మేడ మీద స్నేహితులతో కూర్చుని నాలుగు దమ్ములు లాగిన కుర్రాడు ఆ ఫొటోలో ఉండడు. వాడు అమ్మేవాడు కాదు, బానిస కూడా కాదు. చాలాసార్లు ఆ రాత్రికే హడలిపోయి మానేసి ఉంటాడు. అయినా వారాలు గడిచినా లోకం వాడికి మునుపటిలా కనిపించడం లేదు. నా బాధంతా వాడి గురించే.

అట్లాంటి డిగ్రీ కుర్రాడొకడు నాతో చెప్పుకొన్నాడు: "అంతా అద్దం అవతల జరుగుతాండట్టుండాదన్నా. నేను మాట్లాడతాంటే ఇంకెవురో మాట్లాడతాండట్టుంటాది. అమ్మ సంగటి పెడితే రుచి తెలుస్తాది, తిన్నట్టుండదు." మాట్లాడుతున్నంతసేపూ బొటనవేలి గోరుతో చూపుడువేలిని నొక్కుకుంటూనే ఉన్నాడు. అక్కడ ఎర్రగా గీత పడింది. ఎందుకట్లా అంటే, "నొప్పి తెలుస్తాందా లేదా అని చూస్తాండా" అన్నాడు.

వైద్యులకు ఇది కొత్తేమీ కాదు. తన ఒంటికీ మనసుకూ తానే బయటివాడైపోయినట్టు ఉంటే డీపర్సనలైజేషన్ అంటారు. చుట్టూ ఉన్న మనుషులు, వీధులు నిజం కానట్టు తోస్తే డీరియలైజేషన్. రెండూ కలిసి రావడమే ఎక్కువ. నిద్ర లేనప్పుడో, పెద్ద భయం కలిగినప్పుడో కాసేపు ఇట్లా అనిపించడం చాలామందికి అనుభవమే. అది పోకుండా తిష్ఠవేసి, చదువుకూ పనికీ అడ్డం పడే స్థితి జనాభాలో ఒకటి రెండు శాతం మందిలో ఉంటుందని అంచనా. సగటున 16 ఏళ్ల ప్రాయంలో మొదలవుతుంది, పాతికేళ్లు దాటాక మొదలవడం అరుదు. అంటే సరిగ్గా ఇంటర్, డిగ్రీ పిల్లల వయసు. తల్లిదండ్రులు, చదువు, అప్పు, పోటీపరీక్షలు అన్నీ నెత్తిన ఉండే వయసు. గంజాయి ఒక్కటే కాదు, కెటమిన్, ఎక్స్‌టసీ, ఎల్‌ఎస్‌డీ లాంటి మత్తుమందులూ దీన్ని రాజేయగలవు.

ఒక సంగతి ముందే తేల్చి చెప్పాలి. ఇది పిచ్చి కాదు. మతి భ్రమించినవాడు తనకు కలిగిన భ్రమనే నిజమని నమ్ముతాడు. ఈ కుర్రాడు "కలలో ఉన్నట్టుంది" అంటాడే గానీ "కలలో ఉన్నాను" అనడు. ఆ తేడా వాడికి తెలుసు. తెలుసు కాబట్టే అంత భయం.

మత్తు కొన్ని గంటల్లో దిగిపోతుంది. మరి ఇదెందుకు దిగదు? తట్టుకోలేనంత భయం ముంచుకొచ్చినప్పుడు మెదడు భావాల జోరు తగ్గించేస్తుంది, అది దానికున్న రక్షణ. రోడ్డు ప్రమాదం నుంచి బయటపడ్డవాళ్లు "అంతా సినిమాలో చూసినట్టు జరిగిపోయింది" అంటారే, ఆ రక్షణే. మెదడు ముందుభాగం అతిగా అదుపు చేయడంతో భావాలకు సంబంధించిన భాగాలు మందగిస్తాయని 1998లో సియెర్రా, బెర్రియోస్ అనే వైద్య పరిశోధకులు ప్రతిపాదించారు. గంజాయి ఎక్కువైన రాత్రి గుండె దడదడలాడి, చచ్చిపోతానేమో అనుకున్న కుర్రాడిలో ఆ రక్షణ మొదలవుతుంది. మామూలుగా అయితే నాలుగు రోజుల్లో సర్దుకోవాలి. కానీ వాడు తెల్లారి లేస్తూనే "ఇంకా అట్లే ఉందా?" అని చూసుకుంటాడు. అద్దంలో మొహం, చేతులు, గొంతు, అన్నీ పరీక్షిస్తాడు. పరీక్షించిన ప్రతిసారీ భయం, భయపడిన ప్రతిసారీ మెదడుకు రక్షణ అవసరం. నొప్పి పన్ను దగ్గరికే నాలుక పోయినట్టు మనసు పదేపదే అక్కడికే పోతుంది. వేలి మీది ఆ ఎర్ర గీత అట్లా పడిందే.

ఇంట్లోవాళ్లకు కనిపించేది వేరు. పిల్లోడు పలకడు, తినడు, ఎటో చూస్తుంటాడు. గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, శ్రీకాళహస్తికి తీసుకెళ్లి రాహుకేతు పూజ చేయిస్తారు. వాళ్ల ప్రేమను నేను తప్పుపట్టను. గంజాయి సంగతి తెలిస్తే కాణిపాకం తీసుకెళ్లి వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయిస్తారు. అక్కడ ఒట్టేసి మందు మానినవాళ్లు మన ఊళ్లలో ఎందరో. మళ్లీ ముట్టకుండా ఉండటానికి ఆ ఒట్టు గట్టి ఆసరా, నిజమే. అయితే ఒట్టుతో గంజాయి ఆగుతుంది, ఈ పరాయితనం వెంటనే ఆగకపోవచ్చు. అప్పుడు పిల్లోడు "నా ఒట్టు దేవుడు ఒప్పుకోలేదు" అనుకుంటాడు, తల్లి "వీడు మానలేదు" అనుకుంటుంది. ఇద్దరూ తప్పే. మానడం మొదటి మెట్టు, మిగతా మెట్లు ఇంకా ఎక్కాలి.

దీనికంటూ ఆమోదం పొందిన ప్రత్యేకమైన మాత్ర ఏదీ లేదు. వెంట ఉండే ఆందోళనకో, దిగులుకో డాక్టరు మందు రాయవచ్చు. ఆలోచనల, అలవాట్ల మీద పనిచేసే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ ఈ పరీక్షించుకునే వలయాన్ని విడదీయడానికి ఉపయోగపడుతుంది. రోజువారీగా చేసుకోగలిగినదీ ఉంది. వేళకు నిద్ర. కాఫీలు, ఎనర్జీ డ్రింకులు తగ్గించడం. "ఇంకో దమ్ము కొడితే సర్దుకుంటుందిలే" అనే స్నేహితుడి మాట అసలు వినకపోవడం. రాత్రంతా ఫోన్లో లక్షణాలు వెతకకపోవడం. లోకం దూరమైపోయినట్టు అనిపించిన ఘడియలో చల్లటి నీళ్లతో మొహం కడుక్కుని, కనిపించేవి, వినిపించేవి, చేతికి తగిలేవి ఒక్కొక్కటే గమనిస్తే చాలామందికి ఊరట.

అన్నిటికంటే పనిలో పడటం ముఖ్యం. ఆ కుర్రాడే ఒప్పుకొన్నాడు, క్యారమ్స్ ఆడుతుండగా ఆ ఊసే మర్చిపోయానని. మర్చిపోయిన ఆ కాసేపూ వాడు మామూలుగానే ఉన్నాడు. ఆ కాసేపటిని పెంచుకుంటూ పోవడమే వైద్యంలో పెద్ద భాగం. అలిపిరి మెట్లెక్కడం మంచిదే, రాతి మెట్టు పాదానికి తగులుతుంది, ఆయాసం వస్తుంది, పక్కన గోవింద నామం వినిపిస్తుంది. కాకపోతే "పైకెళ్లేసరికి నయమైపోవాలి" అనే పరీక్ష పెట్టుకుని ఎక్కకూడదు.

ఎవరూ లేకుండా గొంతులు వినిపించినా, అందరూ తనపై కుట్ర చేస్తున్నారని గట్టిగా నమ్మినా, చనిపోవాలనిపించినా, ఫిట్స్‌లాగా వచ్చినా ఒక్క రోజు కూడా ఆగకూడదు. గంజాయి కొందరిలో నిజమైన మతిభ్రమణానికీ దారితీస్తుంది, మూర్ఛ జబ్బు కూడా ఇట్లాంటి లక్షణాలు చూపగలదు. అది తేల్చాల్సింది డాక్టరే. తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో మానసిక వైద్య విభాగం ఉంది.

అక్కడిదాకా పిల్లలు రావడం లేదు. కారణం సిగ్గు ఒక్కటే కాదు, కేసు భయం. గంజాయి తాగితే మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 27వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలో, పది వేల దాకా జరిమానానో, రెండూనో పడవచ్చని విన్నవాడు డాక్టరు ముందు నోరెట్లా విప్పుతాడు? అదే చట్టంలో 64ఏ సెక్షన్ ఉందని వాడికెవరూ చెప్పరు. కేసు పడినా సరే, అలవాటుపడినవాడు తనంతట తానే ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చేరి చికిత్స పూర్తిచేసుకుంటే, వాడకం కేసులో విచారణ నుంచి అది రక్షణ ఇస్తుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. నా దృష్టిలో ఆ నాలుగు దమ్ముల కన్నా, వాటి గురించి నెలల తరబడి నోరు మూసుకోవడమే ఈ పిల్లలను ఎక్కువ తినేస్తోంది. చెప్పుకొన్న రోజున పరీక్షించుకోవడం తగ్గుతుంది, ఎందుకంటే "నాకేమవుతోంది" అన్న ప్రశ్నకు ఇంకొకరి దగ్గర జవాబు దొరుకుతుంది.

గంజాయి గురించి సమాచారమివ్వడానికి 1972 నంబరును ప్రభుత్వం ఊరూరా ప్రచారం చేస్తోంది, చేయాల్సిందే. హాస్టల్ నోటీసు బోర్డు మీద ఆ నంబరు కింద ఇంకో రెండు రాయండి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడవచ్చు. మత్తు అలవాటు గురించైతే 14446. వాటి పక్కన వార్డెన్ తన సొంత చేతిరాతతో, "ఫోన్ చేసినవాళ్ల పేరు నేనడగను" అని ఒక్క ముక్క కూడా రాయాలి.